వూళ్ళూ – ఆనవాళ్ళూ: వలందావారి చిన్న పట్నాలు

జనవరి ఆఖరు వారం మొదలు వొక పదిహేను రోజులపాటు మన జూజువాడి రోడ్డుపక్కన నిలబడి చూడండి. బెంగళూరు వైపు పోయే బండ్లలో చల్లపెట్టె లారీలు కొన్ని కనబడతాయి. వాటిలో వుండేవి హోసూరు గులాబీలు. అవి దేవనహళ్ళిలో విమానమెక్కి నానా దేశాలూ పోతాయి, హాలండూ పోతాయి. ఆ దేశంలో ఆల్స్‌మేర్ అని వొక చిన్న పట్నం వున్నది. ప్రపంచంలోకెల్లా పెద్ద పూలసంత అక్కడ జరుగుతుంది. వారి వేలంపాట మన వేలంపాటకు తలకిందులు. మన దగ్గర ధర కిందినుండి పైకి పాకుతుంది. అక్కడ గడియారపు ముల్లు పైధర దగ్గర మొదలై కిందికి దిగుతూ వుంటుంది. యెవడు ముందుగా మీట నొక్కితే సరుకు వాడిది. మరీ తొందరపడితే దుడ్లు పోతాయి, మరీ తాళితే పూలు పోతాయి.

హాలండు పేరు చెబితే మన పిల్లలు పూలూ, గాలిమరలూ, కొయ్యచెప్పులూ అంటారు. అయితే మన తెలుగువారికీ ఆ దేశానికీ నాలుగు వందల యేళ్ళకు పైబడిన లెక్క వొకటి వున్నది. లెక్క అని కావాలనే అన్నాము. రిజిస్టర్లు రాసుకొని బ్రతికే గుమాస్తాలం గనుక, యెవరి ఖాతాలో యేమి రాశారు, యెవరిది రాయకుండా వదిలేశారు అని చూడడం మాకు అలవాటు.

మొదట పేరు సంగతి. మన పెద్దలు వారిని డచ్చివారనలేదు. పోర్చుగీసువారిని బుడతకీచులనీ, ఫ్రెంచివారిని పరాసులనీ అన్నట్టే, హాలండువారిని వలందావారు అన్నారు. బందరులో యిప్పటికీ వలందపాలెం వుంది, పరాసుపేట వుంది, ఇంగ్లీషుపాలెం వుంది. మూడు దేశాల కంపెనీలు వొకే వూళ్ళో కొట్లు పెట్టుకున్న వైనం ఆ మూడు పేర్లే చెబుతాయి. వలందావారు మన నోళ్ళలో వదిలిపోయిన మాటలు బహు కొద్ది. తమిళంలో "తుట్టు" అనే మాట వారి డాయిట్ అనే రాగినాణెం పేరునుండి వచ్చిందంటారు. మన "దుడ్డు"ను కూడా దానికి ముడిపెట్టేవారున్నారు గాని, మాకది అంతగా నచ్చలేదు. సందేహం లేకుండా వారిదని పండితులు చెప్పేది మన వీధుల్లో అందరూ వాడే "కక్కూసు". నాలుగు శతాబ్దాల స్నేహానికి యిదా మిగిలింది అని నవ్వుకోవచ్చును.

వలందా కంపెనీ 1602 మార్చి నెలలో పుట్టింది. ఆరు పట్నాల వర్తకులు కలిసి పెట్టిన కూటమి అది: ఆంస్టర్‌డాం, మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రోటర్‌డాం, హోర్న్, ఎంక్‌హౌజెన్. చివరి రెండూ మన హోసూరుకంటే చిన్న వూళ్ళు. ఎంక్‌హౌజెన్ పట్నపు ముద్రలో మూడు చేపలుంటాయి. చేపలు పట్టి, వుప్పేసి, పీపాల కెత్తి అమ్ముకొని పైకొచ్చిన వూరు. హోర్న్ నావికులు 1616లో దక్షిణ అమెరికా కొన చుట్టి, దానికి తమ వూరి పేరే పెట్టుకున్నారు. స్కూల్లో భూగోళంలో చదివిన కేప్ హార్న్ అదే. యింతింత చిన్న వూళ్ళవారు యింత దూరం యెందుకు వచ్చినట్టు?

లవంగాల కోసం, జాజికాయ కోసం. అయితే అవి పండేది మన దగ్గర కాదు, తూర్పున మొలుక్కా, బందా దీవుల్లో. ఆ దీవులవాళ్ళకు హాలండు సరుకు అక్కరలేదు. వాళ్ళు అడిగింది మన కోస్తా బట్ట. కనుక లవంగం కొనాలంటే ముందు తెలుగుదేశానికి వచ్చి బట్ట కొనాలి. 1605లో బందరు, 1606లో నిజాంపట్నం, 1610లో ప్రళయకావేరి వొడ్డున పులికాట్ – వరుసగా కొట్లు పెట్టారు. ఆ కంపెనీ పెద్ద వొకాయన 1612లోనే యీ తీరాన్ని మొలుక్కా దీవులకు ఎడమచేయి అన్నాడు. ఆ చేతికి వేళ్ళు మన సాలెలు, దేవాంగులు, అద్దకంవాళ్ళు అన్నమాట.

ఆ బట్టలో వున్న గొప్ప యేమిటో కొంచెం చెప్పుకోవాలి. యూరోపులో అప్పటికి నూలుబట్టమీద వుతికినా పోని రంగు వేయడం తెలియదు. మనవాళ్ళు బట్టను కరక్కాయ నీళ్ళలో, యెనుము పాలలో నానబెట్టి యెండేస్తారు. పాలలోని వెన్న వల్ల రంగునీళ్ళు పక్కకు పాకవు. వెదురు కలంతో పటికనీళ్ళు పెట్టి బొమ్మ గీస్తారు. తర్వాత చిరువేరు వేసిన కాగులో వుడికిస్తే పటిక తగిలినచోటల్లా యెరుపు పట్టుకుంటుంది, తగలనిచోట నిలవదు. నీలానికి మరో దారి: రంగు వద్దన్న చోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచడం. చిరువేరు సముద్రపు వొడ్డున ఇసుకనేలలో పెరిగే మొక్క వేరు. గుల్లల సున్నం కలిసిన నేలలో పెరిగినదైతే యెరుపు మరీ చిక్కగా వస్తుంది. నిజాంపట్నం యెరుపుకు అందుకే అంత పేరు. యీ బట్టను మనం చీటిబట్ట అన్నాం. వలందావారు "సిత్స్" అన్నారు.

హాలండుకు వుత్తరాన ఫ్రీస్‌లాండులో హిందెలోపెన్ అని వొక పట్నం వుంది. పట్నమని పేరేగాని జనం వెయ్యికి లోపే. అక్కడి మగవారు ఓడలమీద పోయేవారు, ఆడవారు యింటిదగ్గర. ఆ ఆడవారి పాత వేషంలో ముఖ్యమైనది వెంట్కె అనే పొడుగు అంగీ. అది చీటిబట్టతో కుట్టినది. లోపలి గళ్ళబట్టకు వారు పెట్టుకున్న పేరే "తూర్పిండియా గళ్ళు". పండుగకు యెరుపు చీటి, యింట్లో యెవరైనా పోతే నీలం చీటి. యెరుపు శుభం, అశుభానికి వేరు రంగు అనే పట్టింపు మన ముసలమ్మలకెంత వుందో, మంచు కురిసే ఆ వూరి ముసలమ్మలకూ అంతే వుండేదన్నమాట. లీవార్డెన్ పట్నంలోని ఫ్రీస్‌లాండు మ్యూజియంలో యిటువంటి బట్టలు చాలా దాచిపెట్టారు. 2017లో వాటినే ప్రత్యేకంగా ప్రదర్శనకు పెట్టారు. ప్రతి పువ్వూ మన కోస్తాలో యెవరో వొక మనిషి కలంతో గీసినది. వాళ్ళ పేరు మాత్రం యే అంచునా వుండదు.

హాలండు పోవడం మనవల్ల కాదు గాని పులికాట్ మనకు అందుబాటులో వున్నదే. సంక్రాంతి సెలవుల్లో రెండు కుటుంబాలం వ్యాను మాట్లాడుకొని వెళ్ళివచ్చాము. మద్రాసు దాటి పొన్నేరి, అక్కడినుండి పళవేర్కాడు. మద్రాసుకు వుత్తరంగా అరవై కిలోమీటర్ల లోపే. రైలులో పోయేవారు పొన్నేరిలో దిగి బస్సెక్కవచ్చు. తమిళంలో పళవేర్కాడు, ఇంగ్లీషులో పులికాట్, తెలుగులో ప్రళయకావేరి. ఆ చెరువు చుట్టుపట్ల తెలుగువాళ్ళ బ్రతుకును స.వెం. రమేశ్ గారు "ప్రళయకావేరి కథలు"లో రాశారు. మన సంఘంలో చదవనివాళ్ళు తక్కువే. మమ్మల్ని చెరువులో తిప్పిన పడవాయన ముందు తమిళంలో మొదలుపెట్టి, పిల్లలు తెలుగులో కొట్లాడుకోవడం విని, "మీరూ మనోళ్ళేనా" అన్నాడు. ఆ తర్వాత శ్రీహరికోట రాకెట్లనుండి రొయ్యల ధర దాకా అన్నీ తెలుగులోనే.

యీ వూరు 1610లో చంద్రగిరి రాయల చేతిలో వుండేది. వెంకటపతిరాయలు వలందావారికి కొట్టు పెట్టుకోవడానికి సెలవిచ్చాడు. అరవీటి రాయల యేలుబడి యిటు మనవైపూ వుండేది. పెనుగొండను కాపాడినందుకు జగదేవరాయలకు మన బారామహలు దక్కినది ఆ వంశంవారి చేతిమీదుగానే. 1612లో బుడతకీచులు వచ్చి ఆ కొట్టును పాడుచేసి పోయారు. దానితో 1613లో కోట లేచింది. కట్టించిన వాన్ బెర్కెం తన సొంత రాష్ట్రమైన గెల్డర్‌లాండు పేరు మీద దానికి గెల్డ్రియా అని పేరుపెట్టాడు. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమండలంలో వలందావారికి యిదే రాజధాని. నాణేలు పోశారు, తుపాకిమందు చేశారు. యిప్పుడు కోట అంటే ముళ్ళకంపలు పెరిగిన వొక దిబ్బ, చుట్టూ కందకం ఆనవాలు, అంతే. పిల్లలు నిరాశపడ్డారు.

నిలిచినవి గోరీలు. పురావస్తుశాఖవారి కాపలాలో వున్నాయి. దొడ్డివాకిలికి అటూయిటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి వున్నాయి; చూచి మా చిన్నవాడు వెనక్కు దాక్కున్నాడు. లోపల నల్లరాతి పలకలు, వాటిమీద వంశపు గుర్తులు, చుట్టూ తీగలు, అక్షరాలు మాత్రం నిన్న చెక్కినట్టున్నాయి. వారి గోరీలన్నీ "హీర్ లైట్ బెగ్రావెన్" అని మొదలవుతాయి. యిక్కడ భూస్థాపితమైయున్నాడు అని అర్థం. ఆపైన పేరు, వుద్యోగం, పుట్టినదెక్కడ, పోయినదెప్పుడు. గుమాస్తా కంటికి ఆ పలకలు నింపిన ఫారాల్లా వున్నాయి, వొక్క గడీ ఖాళీ లేదు. మాతో వచ్చిన పెద్దమ్మకు డెబ్బైయెనిమిది. పలకలన్నీ తిరిగి చూచి, నీడన కూర్చొని అడిగింది: "యేం నాయనా, యింతమంది దొరలుండారే, మనోళ్ళు యెవురూ లేరా యీడ?"

వున్నారా అంటే, కొందరున్నారు. గోరీల్లో కాదు, కాగితాల్లో. అందరికంటే పెద్ద పేరు అచ్యుతప్ప శెట్టిది. బలిజ వర్తకుడు. వలందా కాగితాల్లో "మలయ" అని కనబడేది ఆయనే. మొదట వారికి దుబాసీగా చేరి, తర్వాత వారికి బట్ట సరఫరా చేసే వర్తకులందరిలో పెద్ద అయ్యాడు. సొంత ఓడలు నడిపాడు, రాజుల దగ్గర రాయబారాలు నడిపాడు. 1634లో ఆయన పోతే తమ్ముడు చిన్నన్న ఆ యెత్తున కూర్చున్నాడు. నేతగాళ్ళకు బయానా యిచ్చి బట్ట రాబట్టేది యిటువంటి వర్తకులే. బట్ట తగ్గినా, కరువొచ్చి నూలు ధర పెరిగినా, బాకీ నేతగాడిమీద పడేది గాని కంపెనీమీద కాదు. అచ్యుతప్ప గొప్పవాడే, కాని నేతగాళ్ళ పక్షాన లెక్క చూస్తే ఆయన్ను గురించి మరీ పొంగిపోనక్కరలేదు.

రెండో పేరు పద్మనాభుడు. యీయన సంగతి మనవారిలో చాలామందికి తెలియదు, తెలియవలసినది. 1632నుండి పదేళ్ళపాటు పులికాట్‌లో అబ్రహాం రోగేరియస్ అనే పాదిరీ వుండేవాడు. ఆయన పద్మనాభుడనే బ్రాహ్మణుణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని మన ఆచారాలు, దేవుళ్ళు, పండుగలు అన్నీ అడిగి రాసుకున్నాడు. భర్తృహరి నీతి, వైరాగ్య శతకాలను పద్మనాభుడు చెబుతూవుంటే డచ్చిలోకి దించుకున్నాడు. శృంగార శతకం మాత్రం అందులో లేదు. పాదిరీతో అది చెప్పడమెట్లా అని పద్మనాభుడు మొగమాటపడ్డాడేమో. రోగేరియస్ హాలండు తిరిగిపోయి 1649లో కన్నుమూశాడు. 1651లో లైడెన్ పట్నంలో ఆ పుస్తకం అచ్చయింది. 1663లో జర్మనులోకి, 1670లో ఫ్రెంచిలోకి పోయింది. సంస్కృత కవిత్వం యూరోపు భాషలో అచ్చెక్కడం అదే మొదలు. మన ఏనుగు లక్ష్మణకవి భర్తృహరిని తెనిగించడానికి ముందే, వొక చిన్న వలందా పట్నంలో చలిమంట దగ్గర కూర్చొని యెవరో ఆ నీతులు చదువుకున్నారన్నమాట. పద్మనాభుడి పేరును ఆ పాదిరీ దాచలేదు. అది ఆయన పెద్దతనం.

యిక పెద్దమ్మ అడిగినవాళ్ళలో అసలు లెక్కలోకి రానివాళ్ళు. 1619లో జావాలో బతావియా కట్టినది హోర్న్ పట్నంలో 1587లో పుట్టిన యాన్ పీటర్‌స్జోన్ కూన్. జాజికాయ కోసం 1621లో బందా దీవుల జనాన్ని చంపించి, మిగిలినవాళ్ళను తరిమించినవాడూ ఆయనే. ఖాళీ అయిన తోటలకు, కొత్త పట్నానికి కూలీలు కావాలి. మన తీరంనుండి మనుషులను కొని ఓడలకెత్తారు. పులికాట్ ఆ వ్యాపారానికి పెద్ద రేవు. 1640ల కరువులో, 1659–61లో తంజావూరు సీమలో యుద్ధమూ కరువూ కలిసినప్పుడు, కూడు లేక తల్లిదండ్రులే పిల్లలను అమ్ముకున్నారు. అలా పోయినవాళ్ళు వేలమంది. చీటిబట్టకు పొడుగు, వెడల్పు, రంగు, నాణ్యం అన్నీ రాసిన గుమాస్తాలు, వీళ్ళకు రాసినది చాలాచోట్ల అంకె వొక్కటే. మా వృత్తివారు చేసిన పనుల్లో యింతకన్న పాడుపని వుండబోదు.

ఓడ దిగాక వాళ్ళకు కొత్త పేర్లు పెట్టారు. జకార్తాలో తుగు అనే పల్లె వొకటి వుంది. బెంగాలు నుండి, మన కోరమండలం తీరం నుండి బానిసలుగా పోయి తర్వాత విడుదలైనవాళ్ళ సంతతి 1661 ప్రాంతాల అక్కడ కుదురుకున్నారు. అబ్రహామ్స్, ఆండ్రీస్, కార్నెలిస్, మిషియెల్స్ – యివీ యిప్పుడు వాళ్ళ యింటిపేర్లు. యింట్లో పోర్చుగీసు కలిసిన మాట చాలా తరాలు నడిచి, పోయిన శతాబ్దంలో అదీ ఆగిపోయింది. చిన్న గిటారులాంటి వాయిద్యం పట్టుకొని పాడే క్రొంచొంగ్ పాటలకు మాత్రం ఆ పల్లెకు పేరు వుంది. వాళ్ళలో తెలుగు తల్లి కడుపున పుట్టినవారి మునిమనుమలు యెవరైనా వుంటే, వారికీ ఆ సంగతి తెలిసే దారి లేదు.

మిగతా వూళ్ళ సంగతి వొక్క ముక్కలో. పాలకొల్లులో, ద్రాక్షారామంలో వలందావారి కొట్లుండేవి. పంచారామాలలో రెండు వారి బట్టల మూటల పక్కనే వుండేవన్నమాట. పాలకొల్లులో, బందరులో వారి గోరీలున్నాయి. భీమునిపట్నంలో సముద్రానికి యెదురుగా హాలండర్స్ గ్రీన్ అనే శ్మశానం వుంది. అన్నిటిలోకీ చూడముచ్చటైన చోటు అదేనని మా అభిప్రాయం. విశాఖపట్నం వైపు పెళ్ళిళ్ళకు పోయేవారు వొక పూట వీలుచేసుకోవచ్చు. 1799 ఆఖరుకు కంపెనీ దివాళా తీసి మూతపడింది. 1824లో లండనులో ఒప్పందం జరిగి, 1825లో పులికాట్, భీమునిపట్నం, పాలకొల్లు, కాకినాడ పక్క జగన్నాథపురం అన్నీ ఇంగ్లీషువారి పరమయ్యాయి. బందరు రేవును పూడిక కొంత, 1864 నవంబరు తుపాను మరికొంత చెరిపాయి. ఆ వొక్క రాత్రి పోయినవారు ముప్ఫైవేలకు తక్కువ కాదు. హోర్న్, ఎంక్‌హౌజెన్‌లకూ సముద్రం దూరమైంది: 1932లో అడ్డుకట్ట వేయగా వారి వుప్పుసముద్రం మంచినీటి చెరువైంది. యిప్పుడక్కడ విహారపు పడవలే.

హోర్న్ నడివీధిలో 1893నుండి కూన్ బొమ్మ నిలబడి వుంది. 2011లో క్రేను తగిలి బొమ్మ పడిపోతే, తిరిగి పెట్టాలా వద్దా అని వూళ్ళో పెద్ద తగాదా. చివరికి 2012లో పెట్టారు, అయితే కింద పలకమీద బందా దీవుల్లో ఆయన చేసినది కూడా రాశారు. 2023 జూలై 1న హాలండు రాజు బానిస వ్యాపారానికి క్షమాపణ చెప్పుకున్నాడు. కంపెనీ దస్తావేజులు హేగ్ పట్నంలో అరలు వరుసగా పేరిస్తే కిలోమీటరు దాటేటన్ని వున్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచపు జ్ఞాపకాలలో చేర్చుకుంది. మన మద్రాసు ఎగ్మూరు దస్తావేజుశాలలోనూ వలందా కాగితాలున్నాయి, యెక్కువ కొచ్చిన్ వైపువి.

యిదంతా రాశాక మాకు వొక ఆలోచన తట్టింది. సంఘం ఆఫీసులో వొక లావుపాటి నోటుపుస్తకం కొని పెట్టాము. గడులు మేమే గీశాము: యింటిపేరు, ముత్తాత ముత్తవ్వల పేర్లు, యే వూరినుండి మొరసునాడు చేరారు, యే పనిచేసేవారు, యింట్లో పాత మగ్గపు సామాను గాని చీటిబట్ట ముక్క గాని వుందా. దేవాంగులు, సాలెవారే కాదు, యెవరైనా సరే. ముత్తవ్వ పేరు గడి ఖాళీ వుంచవద్దని మాత్రం ప్రార్థన. మా యింట్లోనే దాన్ని నింపడానికి ముగ్గురు పెద్దవాళ్ళను అడగవలసి వచ్చింది. ఆదివారం పొద్దున పదినుండి పన్నెండుదాకా పుస్తకం బల్లమీద వుంటుంది. ముసలివాళ్ళను వెంటబెట్టుకు రండి. తెలుగు రాయడం రాని పిల్లలు నోటితో చెప్పినా చాలు, మేము రాసుకుంటాం.